రిపోర్టులో గ్యాస్ పేరు కనిపించిందా? : సందేహాలు - సమాధానాలు

గాలి పరీక్ష రిపోర్టులు, రక్తపరీక్ష కాగితాలు చేతిలో పట్టుకుని నిద్రపట్టక రాసిన ఉత్తరాలు ఈసారి చాలా వచ్చాయి. అన్నిటి వెనకా ఉన్న యంత్రం ఒకటే, గ్యాస్ క్రొమటోగ్రాఫ్. దాని చివర కూర్చుని వాయువుల్ని పట్టే డిటెక్టర్ల గురించే ఈ వారం జవాబులు.

ప్రశ్న: మూడు నెలల కిందట కొత్త ఫ్లాట్‌లోకి వచ్చాం. రంగుల వాసన ఇంకా పోలేదని మావారు ఎవరినో పిలిపించి గాలి పరీక్ష చేయించారు. బెంజీన్ 0.8 పీపీబీ, టోలీన్ 22 పీపీబీ ఉన్నాయట. బెంజీన్ వల్ల క్యాన్సర్ వస్తుందని చదివాను. మా పాపకు రెండేళ్లు. ఇల్లు ఖాళీ చేసి అమ్మవాళ్లింటికి వెళ్లిపోవాలా?
- ఓ తల్లి, జూబ్లీహిల్స్

జవాబు: వెళ్లక్కర్లేదమ్మా, మీ పాప మీ ఇంట్లోనే ఉండొచ్చు. పీపీబీ అంటే వంద కోట్ల భాగాల్లో ఒక భాగం. ఇప్పటి డిటెక్టర్లు అంత కొద్దిదాన్ని కూడా పట్టేస్తాయి కాబట్టే ఆ పేర్లు మీ కాగితం మీదికి ఎక్కాయి. మన దేశంలో 2009లో పెట్టిన ప్రమాణం ప్రకారం బయటి గాలిలో బెంజీన్ ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. అది సుమారు 1.6 పీపీబీ, మీ ఇంట్లో ఉన్నది అందులో సగం. టోలీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన వారం సగటు దాదాపు 70 పీపీబీ, మీది దానికి చాలా కిందే ఉంది. అయితే బెంజీన్ ఎంత తగ్గితే అంత మేలు. ఉదయం, సాయంత్రం ఎదురెదురు కిటికీలు తీసిపెట్టండి. పాప పడుకునే గదిలో అగరొత్తులు, దోమల చుట్టలు మానేయండి, వాటి పొగలోనూ బెంజీన్ ఉంటుంది. రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించినప్పుడు అంకె తగ్గకపోయినా, పెరిగినా అప్పుడు కారణం వెతకాలి. కింద పార్కింగ్ నుంచి పెట్రోలు ఆవిరి పైకి వస్తోందేమో ముందు చూడండి.

ప్రశ్న: మా ఆఫీసు గదిలో గాలిని రెండు ల్యాబులకు ఇచ్చాం. ఒకరు ‘ఎన్.డి.’ అని రాశారు, ఇంకొకరు 0.4 పీపీబీ బెంజీన్ ఉందన్నారు. ఎవరు మోసం చేస్తున్నారు?
- ఎడిటింగ్ సూట్ నిర్వాహకుడు, ఫిల్మ్‌నగర్

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. ‘ఎన్.డి.’ (నాట్ డిటెక్టెడ్) అన్నంత మాత్రాన అసలు లేదని కాదు, ఆ యంత్రం పట్టగలిగే కనీస పరిమాణం కంటే తక్కువ ఉందని. మొదటి ల్యాబ్ హద్దు 1 పీపీబీ, రెండోవారి హద్దు 0.1 పీపీబీ అయితే రెండు రిపోర్టులూ సరిగ్గా సరిపోతాయి. రిపోర్టులో ఆ హద్దు అచ్చువేయకపోతే మాత్రం అడిగి రాయించుకోండి. అది లేని ‘ఎన్.డి.’కి విలువ లేదు.

ప్రశ్న: మా అమ్మాయి పురుగుమందుల అవశేషాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తోంది. దాని యంత్రంలో రేడియోధార్మిక పదార్థం ఉంటుందని మాటల్లో చెప్పింది. అప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. వచ్చే మాఘంలో పెళ్లి. రేపు పిల్లలు పుట్టడానికి ఏమైనా ఇబ్బందా? వియ్యాలవారికి చెప్పాలా?
- పేరు వద్దు, జూబ్లీహిల్స్

జవాబు: ముందు మీరు కడుపునిండా భోంచేయండి, తల్లీ. మీ అమ్మాయి వాడుతున్నది ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్. అందులో నికెల్-63 పూత పూసిన చిన్న రేకు ఉంటుంది, అది గట్టి లోహపు గూటిలో మూసి ఉంటుంది. దాని నుంచి వచ్చే బీటా కిరణాలు చాలా బలహీనం. గాలిలో ఐదారు సెంటీమీటర్లు దాటవు, మన చర్మం పైనున్న మృతపొరను కూడా దాటలేవు. గూడు దాటి బయటికి రావడమన్న ప్రశ్నే లేదు. ఆ కిరణాలు పుట్టించే ఎలక్ట్రాన్లను క్లోరిన్ లాంటివి ఉన్న అణువులు లాగేసుకుంటాయి, కరెంటు తగ్గుతుంది, ఆ తగ్గుదలే కొలత. మిరపకాయ మీదా, పాలలోనూ మిగిలిన మందును లక్ష కోట్లలో కొద్ది భాగాలున్నా పట్టేది ఇదే.

ఇలాంటి మూలం వాడే ల్యాబ్ అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలకు లోబడి ఉండాలి. గడువు ప్రకారం దూదితో తుడిచి లీకేజీ పరీక్ష చేయాలి, డిటెక్టర్ నుంచి వచ్చే వాయువును గొట్టంతో బయటికి పంపాలి. ఈ రెండూ జరుగుతున్నాయా అని మీ అమ్మాయిని అడగండి. ఆ గూటిని ఎవరైనా విప్పినా, చెప్పిన హద్దు దాటి వేడిచేసినా, తుడుపు పరీక్షలో తేడా వచ్చినా అప్పుడు పని ఆపి రక్షణాధికారికి చెప్పాలి. 1957లో ఈ డిటెక్టర్‌ను కనిపెట్టి, ఏళ్ల తరబడి తన చేతులతోనే తయారు చేసుకున్న జేమ్స్ లవ్‌లాక్ 103 ఏళ్లు బతికి 2022లో కన్నుమూశారు. పెళ్లికి, పిల్లలకు ఏ ఇబ్బందీ లేదు. వియ్యాలవారికి చెప్పాల్సింది ఒకటే: మా అమ్మాయి మనం తినే తిండిని కాపాడే పని చేస్తోందని.

ప్రశ్న: నేను అసిస్టెంట్ డైరెక్టర్‌ని. రాత్రి షూటింగ్ ముగించుకుని వస్తుంటే చెక్‌పోస్ట్ దగ్గర ఊదించారు, 41 చూపించింది. దగ్గుమందు తాగాను, అంతే. పైగా నాకు షుగర్ ఉంది. రక్తం ఇచ్చాను. ఆ పరీక్ష కూడా తప్పు చూపిస్తే నా జీవితం ఏం కావాలి?
- ఓ యువకుడు, కృష్ణానగర్

జవాబు: బాబూ, రక్తపరీక్ష ఊదే యంత్రం లాంటిది కాదు, మీరు చెప్పింది నిజమైతే అది మీ పక్షానే ఉంటుంది. రక్తాన్ని మూతపెట్టిన చిన్న సీసాలో వేడిచేసి, పైకి లేచిన ఆవిరిని సన్నటి పొడవాటి గొట్టంలోకి పంపుతారు. చెక్‌పోస్ట్ నుంచి పెద్దమ్మ గుడికి ఒకేసారి బయల్దేరిన నలుగురిలో ఒకరు దారిలో ప్రతి కొట్టు దగ్గరా ఆగుతారు, ఇంకొకరు ఎక్కడా ఆగరు, అందుకే వేర్వేరు వేళల్లో గుడి చేరతారు. ఆ గొట్టంలో ఆల్కహాల్, మెథనాల్, షుగర్ ఉన్నవారిలో పుట్టే అసిటోన్ కూడా అలాగే విడిపోయి వేర్వేరు క్షణాల్లో చివరికి చేరతాయి. అక్కడ చిన్న హైడ్రోజన్ మంట ఒక్కొక్కదాన్ని కాల్చి, పుట్టిన విద్యుత్తును కొలుస్తుంది. దీన్ని ఫ్లేమ్ అయొనైజేషన్ డిటెక్టర్ అంటారు. అసిటోన్‌ను చూసి ఆల్కహాల్ అని పొరబడే అవకాశం ఉండకూడదనే చాలా ల్యాబులు రెండు రకాల గొట్టాల్లో సరిచూస్తాయి.

చట్టం హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. మామూలు మోతాదు దగ్గుమందుతో అంత రాదు. అయితే తాగిన వెంటనే నోట్లో మిగిలిన ఆవిరి ఊదే యంత్రాన్ని కాసేపు పెంచి చూపగలదు, అందుకే పావుగంట ఆగి మళ్లీ ఊదించమని అడగడం మీ హక్కుగా భావించండి. రక్తం తీసే ముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచారా, సీసాలో నిల్వమందు వేశారా అన్న రెండూ మీ లాయరు అడగాల్సిన ప్రశ్నలు. దగ్గుమందుకు తోడు ఇంకేదైనా తాగి ఉంటే మాత్రం ఆ మంటకు అబద్ధం చెప్పడం కుదరదు. ఇకమీదట ఆ స్థితిలో బండి తీయకండి.

ప్రశ్న: మా తాతగారు సినిమాలు తీశారు. మద్రాసు గోడౌన్ నుంచి తెచ్చిన పాత రీళ్లు మా మేడమీద గదిలో ఉన్నాయి. తలుపు తీస్తే వెనిగర్ వాసన కొడుతోంది, కళ్లు మండుతున్నాయి. నాన్నకు ఉబ్బసం. ఆ వాయువు విషమా? రీళ్లు పారేయమని ఇంట్లో ఒకటే గొడవ.
- నిర్మాత మనవరాలు, ఫిల్మ్‌నగర్

జవాబు: పారేయొద్దు, దయచేసి ఆ ఒక్క పని చేయొద్దు. మీకు వస్తున్న వాసన ఎసిటిక్ ఆమ్లానిది, వంటింటి వెనిగర్‌లో ఉండేదే. పాత రీళ్లలో చాలావాటికి ఆధారం సెల్యులోజ్ ఎసిటేట్; వేడికీ తేమకూ అది విరిగి ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లమే మిగతా రీలును ఇంకా తొందరగా విరిచేస్తుంది. మద్రాసు తీరపు తేమలో ఏళ్ల తరబడి ఉన్న తెలుగు రీళ్లకు ఈ జబ్బు పట్టడం వింతేమీ కాదు. పనిచోట దీనికి ఎనిమిది గంటల సగటున 10 పీపీఎం, అంటే పది లక్షల్లో పది భాగాల దాకా హద్దు పెడతారు. మన ముక్కు అంతకంటే చాలా తక్కువలోనే దాన్ని పట్టేస్తుంది. కాబట్టి వాసన వచ్చిందంటే విషం ఎక్కిందని కాదు. కళ్లు మండుతున్నాయంటే మాత్రం గాలి ఆడటం లేదని అర్థం. నాన్నగారిని ఆ గదిలోకి వెళ్లనివ్వకండి, మీరు వెళ్లేముందు పావుగంట తలుపులు తీసిపెట్టండి.

డబ్బాలోని గాలిని సూదితో కొద్దిగా తీసి క్రొమటోగ్రాఫ్‌లోకి పంపితే ఏ రీలు ఎంత పాడైందో అంకెల్లో తెలుస్తుంది. ఇంట్లోనైతే అంత అక్కర్లేదు. ఎ-డి స్ట్రిప్స్ అని ఆమ్లాన్ని పట్టే నీలం కాగితం ముక్కలు దొరుకుతాయి. డబ్బాలో ఒకటి వేసి మూస్తే ఆమ్లం పెరిగేకొద్దీ ఆకుపచ్చ, ఆ తర్వాత పసుపు రంగుకు తిరుగుతాయి. పసుపుకు తిరిగినవి ముందు డిజిటల్‌లోకి ఎక్కించాలి. వాసన ఉన్న రీళ్లను లేనివాటి నుంచి ఈరోజే విడదీయండి, తుప్పు పట్టిన ఇనుప డబ్బాలు మార్చండి, ప్లాస్టిక్ సంచుల్లో బిగించి కట్టకండి. చల్లగా, పొడిగా ఉన్న గది ఒక్కటే వాటి ఆయుష్షు పెంచుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నిజంగా జాగ్రత్త పడాలి. 1950ల తొలినాళ్ల వరకు వచ్చిన రీళ్లు నైట్రేట్ ఆధారంవి కావొచ్చు. అంచున ‘సేఫ్టీ’ అని అచ్చు లేకుండా, జిగురుగా మారి, గోధుమరంగు పొడి రాలుతుంటే అలాంటిదాన్ని ఇంట్లో ఉంచకండి. నైట్రేట్ తనంతట తానే అంటుకోగలదు, నీళ్లు పోసినా ఆరదు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు, ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కు రాయండి. తెలుగు సినిమా తొలి దశాబ్దాల నెగెటివ్‌లు ఎన్నో ఇప్పటికే మనకు లేవు. మీ మేడమీద ఉన్నవాటిలో ఇంకెక్కడా మిగలనిది ఒకటి ఉండొచ్చు.

ప్రశ్న: నేను గ్రూప్ డాన్సర్‌ని. పాటలకు డ్రై ఐస్ పొగ వదులుతారు. మొన్న బావి సెట్‌లో పడుకుని చేసే షాట్‌లో నాకు తల దిమ్మెక్కి ఊపిరాడలేదు. ‘గాలి చెక్ చేశాం, మీటర్‌లో ఏమీ రాలేదు’ అన్నారు. నాకే ఏదో జబ్బుందేమోనని భయం.
- డాన్సర్, ఫిల్మ్‌నగర్

జవాబు: జబ్బు మీకు కాదు, ఆ బావి సెట్‌కు ఉంది. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. ఒక్క కిలో ఆవిరైతే సుమారు 540 లీటర్ల వాయువు అవుతుంది. అది గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, పల్లంలోకి దిగి అక్కడే నిలుస్తుంది. నిలబడి ఉన్న కెమెరామన్‌కు ఏమీ అనిపించదు, పడుకున్న మీకు అందుతుంది. బయటి గాలిలో ఇది 420 పీపీఎంకు కొంచెం పైగా ఉంటుంది. ఎనిమిది గంటల పనికి 5,000 పీపీఎం హద్దు. 40,000 అయితే ప్రాణాపాయం.

మీటర్‌లో ఏమీ రాకపోవడానికి నాకు తోచే కారణం ఒకటే. ఫోటో అయొనైజేషన్ మీటర్, మంటతో కొలిచే డిటెక్టర్ రెండూ పెట్రోలు, రంగుల ఆవిరి లాంటివాటిని చక్కగా పట్టుకుంటాయి గానీ కార్బన్ డయాక్సైడ్ వాటికి కనిపించనే కనిపించదు. ల్యాబ్‌లో దాన్ని కొలవాలంటే వేడి తీగ చల్లబడే తేడాను చూసే థర్మల్ కండక్టివిటీ డిటెక్టర్ కావాలి, లేదా నికెల్ ఉత్ప్రేరకం మీదుగా పంపి మీథేన్‌గా మార్చి అప్పుడు మంటకు అందించాలి. సెట్‌లో అయితే పరారుణ కిరణాలతో కొలిచే చిన్న సీఓటూ మీటర్ చాలు, మీరు పడుకునే ఎత్తులో పెట్టాలి.

షాట్ మధ్య తలనొప్పి, ఊపిరి వేగం పెరగడం, గుండె దడ వస్తే వెంటనే లేచి పైకి రండి. సిగ్గుపడకండి, మేనేజర్ మొహం చూడకండి. గుంతలోనో, గుడారంలోనో, తలుపులు మూసిన గదిలోనో డ్రై ఐస్ వదిలి మనుషుల్ని పడుకోబెట్టడం తప్పు. ఫ్యాన్ పెట్టాలి, పక్కన ఒక మనిషి నిలబడి చూస్తుండాలి. ఎవరైనా స్పృహ తప్పితే గాలి ఆడేలా చేయకుండా ఇంకొకరు దిగకూడదు.

ప్రశ్న: వంటింట్లో గ్యాస్ వాసన వస్తోంది, అలారం మాత్రం మోగడం లేదు. అలారం పాడైందా, నా భ్రమా?
- గృహిణి, జర్నలిస్ట్ కాలనీ

జవాబు: మీ ముక్కునే నమ్మండి. సిలిండర్ గ్యాస్‌లో కలిపే ఇథైల్ మెర్కాప్టన్‌ను మన ముక్కు పీపీబీ కంటే తక్కువలోనే గుర్తుపడుతుంది. ఇంటి అలారం మాత్రం గ్యాస్ వేల పీపీఎంకు చేరాకే మోగుతుంది. వాసన రాగానే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి, స్విచ్ ఏదీ ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. సిలిండర్ గ్యాస్ నేలబారుకు దిగుతుంది, పైపు గ్యాస్ కప్పుకు లేస్తుంది. అలారం ఎక్కడ బిగించారో కూడా ఓసారి చూసుకోండి.

ప్రశ్న: మా ఇంటి వెనక సందులో ఓ టెస్టింగ్ ల్యాబ్ పెట్టారు. రాత్రింబవళ్లు హైడ్రోజన్ మంట మండుతూనే ఉంటుందని వాచ్‌మన్ చెప్పాడు. పేలితే మా గతేంటి?
- విశ్రాంత ఉద్యోగి, జూబ్లీహిల్స్

జవాబు: ఆ మంట కంటికి సరిగా కనిపించనంత చిన్నది సార్. నిమిషానికి 30, 40 మిల్లీలీటర్ల హైడ్రోజన్ మాత్రమే తాగుతుంది. 1957-58లో ఆస్ట్రేలియాలోనూ, దక్షిణాఫ్రికాలోనూ విడివిడిగా కనిపెట్టినప్పటి నుంచి ప్రపంచమంతటా వేల ల్యాబుల్లో రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంది. మీరు చూడాల్సింది మంటను కాదు, సిలిండర్లను. వాటిని గొలుసుతో గోడకు కట్టి, ఎండ తగలని, గాలాడే చోట పెట్టారా, అగ్నిమాపక అనుమతి ఉందా అని మర్యాదగా అడగండి. సందులో నిలువునా వదిలేసి ఉంటే ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: జీడిమెట్లలో మందుల కంపెనీలో కొత్తగా చేరాను. ద్రావణుల అవశేషాలు చూసే పని. ఏమీ వేయని బ్లాంక్‌లో కూడా పీక్‌లు వస్తున్నాయి. పై ఆఫీసర్‌కు చెబితే ఉద్యోగం పోతుందేమోనని రెండు రోజులుగా తొక్కిపెట్టాను.
- కెమిస్ట్, యూసుఫ్‌గూడ

జవాబు: ఈరోజే చెప్పండి, చెప్పినవారి మీద నమ్మకం పెరుగుతుంది. బ్లాంక్‌లో చిన్న పీక్‌లు, అంటే గ్రాఫ్‌లో చిన్న గుట్టలు, రాని ల్యాబ్ ఉండదు: సూది గుచ్చే సెప్టమ్ రబ్బరు నుంచి, పాత లైనర్ నుంచి, శుద్ధి చాలని వాయువు నుంచి అవి వస్తాయి. సెప్టమ్, లైనర్ మార్చి, వాయువు దారిలోని ఫిల్టర్లు చూసి, గొట్టాన్ని ఓ రాత్రంతా వేడిచేసి మళ్లీ బ్లాంక్ నడపండి. వేడి పెరిగేకొద్దీ అడుగుగీత నెమ్మదిగా లేవడం మామూలే. బ్లాంక్ పీక్ మీరు కొలిచే ద్రావణి పీక్ ఉన్న క్షణంలోనే వస్తే, లేదా నమూనా అంకెలో పదోవంతు దాటితే ఆ రోజు ఫలితాలు ఇవ్వకండి. ఆ మాత్ర ఎక్కడో ఓ రోగి మింగుతాడు.

ప్రశ్న: బంగినపల్లి మామిడిని కార్బైడ్‌తో మగ్గబెడుతున్నారని విని మనవడికి పెట్టాలంటే వణుకు. గ్యాస్ పరీక్షలో తేలుతుందా?
- అమ్మమ్మ, జూబ్లీహిల్స్

జవాబు: పెట్టండమ్మా, కాకపోతే చూసి కొనండి. కార్బైడ్ నుంచి వచ్చే ఎసిటిలీన్‌ను మంట డిటెక్టర్ తేలిగ్గా పడుతుంది, కానీ కాయ మీ ఇంటికి చేరేసరికి ఆ వాయువు ఎగిరిపోతుంది. అందుకే పరీక్ష చేయాల్సింది మగ్గబెట్టే గదిలో, మీ ఫ్రిజ్‌లో కాదు. ఇథిలీన్‌ను 100 పీపీఎం దాకా వాడటానికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతి ఉంది, అది పండు తనంతట తాను వదిలేదే. తొక్క మీద బూడిదరంగు పొడి ఉన్నా, వెల్లుల్లిలాంటి ఘాటు వచ్చినా ఆ పండ్లు వద్దు. మిగతావి పారే నీళ్లలో కడిగి తొక్క తీసి పెట్టండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ట్రాన్స్‌ఫార్మర్ నూనె పరీక్షలో ఎసిటిలీన్ 3 పీపీఎం వచ్చింది. అది మంటలంటుకునే గ్యాస్ అట. పిల్లలు అక్కడే ఆడుకుంటారు.
- అసోసియేషన్ కార్యదర్శి, జూబ్లీహిల్స్

జవాబు: మూడు పీపీఎం దానంతట అది అంటుకోదు, నూనె లోపల జరిగినదానికి అది ఆనవాలు మాత్రమే. నూనెలో విద్యుత్ మెరుపు కొట్టి బాగా వేడెక్కితేనే ఎసిటిలీన్ పుడుతుంది. ఎప్పుడో ఒకసారి కొట్టి ఆగిపోయిందా, ఇంకా కొడుతోందా అన్నదే అసలు ప్రశ్న. నెలలోపు మళ్లీ నూనె తీయించండి: అదే అంకె ఉంటే గమనిస్తూ ఉండొచ్చు, పెరిగితే, ముఖ్యంగా హైడ్రోజన్ కూడా పెరిగితే ఆపి విప్పించాలి. పిల్లలకు మాత్రం రిపోర్టు ఎలా ఉన్నా ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆట వద్దు, కంచె వేయించండి.

ప్రశ్న: మాది విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ లీకైనప్పుడు అమ్మ, నేను ఊళ్లోనే ఉన్నాం. ఇప్పుడు నేను ఫిల్మ్‌నగర్‌లో మేకప్ పని చేస్తున్నాను. గోళ్ల రంగు వాసన వచ్చినా గుండె ఆగినంత పనవుతుంది. నా ఒంట్లో ఇంకా ఆ గ్యాస్ ఉందా? రక్తంలో చూపించుకోవాలా?
- మేకప్ ఆర్టిస్ట్

జవాబు: ఆ రాత్రి 12 మంది ప్రాణాలు తీసింది, మీ భయం ఊరికే వచ్చింది కాదు. కానీ స్టైరీన్ మీ ఒంట్లో ఇప్పుడు లేదు. శరీరం దాన్ని విరిచి కొద్ది రోజుల్లోనే మూత్రంలో పంపేస్తుంది, గాలిలోనూ అది గంటల్లో విరిగిపోతుంది. ఇన్నేళ్ల తర్వాత రక్తంలో వెతికితే ఏమీ రాదు, ఆ ‘ఏమీ రాలేదు’ అన్న కాగితం ఆ రాత్రి మీకు హాని జరగలేదని కూడా చెప్పదు. అందుకే ల్యాబ్‌కు డబ్బు పోయకండి. మెట్లెక్కితే ఆయాసం, మానని దగ్గు, చేతుల తిమ్మిరి, చూపులో తేడా ఉంటే ఛాతీ వైద్యుడికో, నరాల వైద్యుడికో ఆ రోజు సంగతి చెప్పి చూపించుకోండి, అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. వాసన రాగానే వచ్చే ఆ దడ భయం మిగిల్చిన గాయం, దానికి మానసిక వైద్యుల దగ్గర మంచి చికిత్స ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: నేను డిగ్రీ కెమిస్ట్రీ చదువుతున్నాను. ఇంట్లో అందరూ సినిమా లైట్ల పనివాళ్లే. ఈ డిటెక్టర్ల చదువుకు భవిష్యత్తు ఉందా? అనవసరంగా దారి తప్పానేమోనని రాత్రుళ్లు ఆలోచిస్తున్నాను.
- విద్యార్థిని, ఫిల్మ్‌నగర్ బస్తీ

జవాబు: దారి తప్పలేదమ్మా, మంచి దారిలోనే ఉన్నావు. 1971లో లవ్‌లాక్ తన డిటెక్టర్‌ను షాకిల్టన్ అనే ఓడలో పెట్టుకుని అంటార్కిటికా వైపు వెళ్తూ దారి పొడవునా గాలిని కొలిచారు. అప్పట్లో ఫ్రిజ్‌లలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్ ఎక్కడ చూసినా ఉంది, లక్ష కోట్లలో కొన్ని పదుల భాగాల చొప్పున. ఆ కొద్దిపాటి అంకె మీదే 1974లో రోలండ్, మొలీనా ఓజోన్ పొర గురించి హెచ్చరించారు, 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. నీకు బస్సు దూరంలోనే, ఉప్పల్ రోడ్డు మీద జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. మట్టి రేణువులకు అంటుకున్న మీథేన్, ఈథేన్‌లను పీపీబీల్లో కొలిచి భూమి లోపల చమురు ఎక్కడుందో వెతుకుతారు అక్కడ. ఆ పక్కనే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. మందుల కంపెనీలు, ఫోరెన్సిక్ ల్యాబులు, ఆహార పరీక్షా కేంద్రాలు ఇక్కడే ఉన్నాయి. ఎమ్మెస్సీలో అనలిటికల్ కెమిస్ట్రీ తీసుకో. యంత్రం విప్పి బిగించడం కూడా నేర్చుకో, ఆ పని వచ్చినవాళ్లు తక్కువ.

ప్రశ్న: సాయంత్రమైతే దుర్గం చెరువు వైపు నుంచి కుళ్లిన గుడ్డు వాసన. ఇది ఊపిరితిత్తులకు ప్రమాదమా? ల్యాబ్‌వాళ్లు హైడ్రోకార్బన్లు లేవన్నారు. మా వీధి మ్యాన్‌హోల్ కూడా పొంగుతోంది, ఎవరినైనా దింపి బాగు చేయిద్దామని కాలనీలో అనుకుంటున్నాం.
- కాలనీవాసి, జూబ్లీహిల్స్

జవాబు: వాసన గురించి ముందు ధైర్యం చెబుతాను. అది హైడ్రోజన్ సల్ఫైడ్. మన ముక్కు దాన్ని కొన్ని పీపీబీల్లోనే పట్టేస్తుంది కాబట్టి వీధిలో దూరం నుంచి వచ్చే వాసన చిరాకు, తలనొప్పి తెప్పిస్తుంది గానీ ఊపిరితిత్తుల్ని పాడుచేయదు. హైడ్రోకార్బన్లు వెతికే మంట డిటెక్టర్‌కు ఈ వాయువు దాదాపు కనిపించదు. దీనికి ఫ్లేమ్ ఫోటోమెట్రిక్ డిటెక్టర్ కావాలి, గంధకం కాలినప్పుడు వచ్చే నీలివెలుగును అది కొలుస్తుంది. ల్యాబ్‌వాళ్లను ఆ పరీక్ష అడగండి.

మ్యాన్‌హోల్ విషయంలో మాత్రం నేను మిమ్మల్ని ఊరడించలేను. అదే వాయువు మూసిన గుంతలో 100 పీపీఎంకు చేరితే ముక్కు దాన్ని గుర్తించడమే మానేస్తుంది, వాసన పోయిందనుకుని మనిషి ఇంకా కిందికి దిగుతాడు. అక్కడి నుంచి ఇంకా బాగా పెరిగితే కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది, రక్షించడానికి దిగిన రెండోవాడిదీ పోతుంది. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. వెయ్యి రూపాయలకు ఎవరో దొరికారని దింపకండి. జలమండలి నంబరు 155313కు ఫోన్ చేసి యంత్రాన్ని రప్పించండి, అది వచ్చేదాకా మూత దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి.